పసుపు గీత ఆగిన చోట

వంటింటి బల్ల,
ఆదివారం.

తూనీగా,

నీ పార్సెల్ చేరింది. తెర పగలకుండా, కీబోర్డు విరక్కుండా వచ్చింది, అదే వింత. నర్సమ్మా నేనూ కలిసి తీగలన్నీ తగిలించాం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బళ్ళో పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, ఏ తీగ ఏ బొక్కలో దూర్చాలో తెలియక ఆ పిల్ల చేత నవ్వించుకున్నాను.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటని అడుగుతావు. మీ తాతయ్యకి గొంతు పోయింది, కాళ్ళు పోయాయి, చేతుల్లో రెండు వేళ్ళు తప్ప అన్నీ పోయాయి. చెవులు మాత్రం పాముచెవులు. ఈ ఇంట్లో ఏ మూల నిలబడి మాట్లాడినా ఆయనకి వినిపిస్తుంది. మనిషి వింటూండగా ఆ మనిషి గురించే "నిన్నటికంటే ఇవాళ తగ్గారు" అని నేను చెప్పలేను. కంప్యూటర్లో మెయిలు రాయొచ్చుగా అంటావేమో. అది ఇప్పుడు ఆయన నోరు. ఆయన నోట్లో చెయ్యిపెట్టి నా ఉత్తరాలు నేను రాసుకోను.

ఇక నీ గొప్ప డిజైను సంగతి. నువ్వు చెప్పినట్టే ఎడమ చూపుడువేలు ట్యాబ్ కీ మీద, కుడి బొటనవేలు ఎంటర్ కీ మీద పెట్టాం. ఎడమది నొక్కితే పక్కమాటకి జరగాలి, కుడిది నొక్కితే ఆ మాట ఎంచుకున్నట్టు. తెర పైభాగాన వరసగా అవసరాలు, నొప్పి, మనుషులు, మాటలు అని ఉన్నాయి. వాటినీ ట్యాబ్‌లే అంటారటగా. నొక్కేదీ ట్యాబే, తెరుచుకునేదీ ట్యాబే. మీ వాళ్ళకి పేర్లకి అంత కరువొచ్చిందా?

అసలు గొడవ వేరే ఉంది. ఆయన ఏ మాట మీదకి జరిగితే ఆ మాటని అది గొంతు చించుకుని అరుస్తోంది. పాపం మీ తాతయ్య కిటికీ తెరవమని అడగడానికి బయల్దేరతారు. దారిలో అది "నీళ్ళు" అంటుంది, నేను గ్లాసు పట్టుకుని పరిగెత్తుతాను. ఈలోగా "దుప్పటి" అంటుంది, గ్లాసు అక్కడ పెట్టి దుప్పటికి వెళ్తాను. "బాత్రూం" అంటుంది, నర్సమ్మని కేకేస్తాను. తీరా "కిటికీ" దగ్గరికి వచ్చేసరికి నేను కుర్చీలో ఆయాసంతో ఉంటాను, ఆయన నన్ను చూసి కళ్ళతో నవ్వుతూ ఉంటారు. నా మోకాళ్ళ మీద నీకేమైనా పగ ఉంటే నేరుగా చెప్పు.

ఇంకొకటి. ఆయన ఏ మాట మీద ఉన్నారో తెలియడానికి చుట్టూ పసుపు గీత గీశావు. అది వెంట్రుకంత ఉంది. జన్మంతా కళ్ళద్దాల షాపు నడిపి వచ్చినవాళ్ళందరికీ చూపు దిద్దిన మనిషికి కనపడని గీత గీస్తావా? లావుగా గియ్యి.

మీ అమ్మమ్మ


ఆఫీసు క్యాంటీన్,
గురువారం.

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి పక్కవాళ్ళు తిరిగి చూసేంత నవ్వాను. నవ్వయ్యాక సిగ్గేసింది. తప్పు నాదే. ఒక మాటని దాటిపోవడం వేరు, ఆ మాటని ఎంచుకోవడం వేరు. ఆ రెండూ కలిపేస్తే ఏమవుతుందో ఇన్నాళ్ళూ పుస్తకాల్లో చదివాను. నీ మోకాళ్ళు చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

మార్చేశాను. ఇకమీదట ఆయన జరుగుతున్నప్పుడు ఆ మాట, పార్సెల్లో పంపిన ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో పెడితే, దాంట్లోనే మెల్లగా వినిపిస్తుంది. నీకు వినిపించదు. ఎంటర్ నొక్కితేనే అందరికీ వినపడేలా పైకి పలుకుతుంది. గీత ఇప్పుడు నీ చిటికెనవేలంత లావు. వంటింటి గుమ్మంలోంచి చూసినా కనపడుతుంది. మార్పులన్నీ ఇంటర్నెట్‌లో వాటంతటవే వచ్చేస్తాయి, నువ్వింకేం చెయ్యక్కర్లేదు.

ఇక్కడ కూడా ఆ గీత మీదే గొడవ. బ్యాంకు వాళ్ళ కోసం మేం చేస్తున్న తెరల్లో, మౌస్ పట్టుకోలేనివాళ్ళకి తామెక్కడున్నదీ తెలియాలి కదా అని నేను గీత పెట్టాను. మా మేనేజర్ చూసి "పెళ్ళికూతురికి సైకిల్ టైరు తగిలించినట్టుంది, తీసెయ్" అన్నాడు. తియ్యనన్నాను. వచ్చే నెల పెద్ద మీటింగులో తేలుతుంది. అందాకా నాకు సెలవు దొరకదు. కోప్పడకు.

అక్షరాల ట్యాబ్ ఒకటి చేర్చాను, తాతయ్య సొంతంగా మాటలు కూర్చుకుంటాడేమో చూడు. మనుషుల ట్యాబ్‌లో ఎవరెవరు ఉండాలో రాసి పంపు.

తూనీగ


వంటింటి బల్ల,
మంగళవారం.

తూనీగా,

మోకాళ్ళు నీకు దణ్ణం పెడుతున్నాయి. ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉంది. ఆయన తనలో తాను జరుగుతూ ఉంటారు, కావలసినచోట ఎంటర్ నొక్కుతారు, అది లిఫ్టులో అమ్మాయి గొంతుతో పలుకుతుంది. కిటికీ తీశాం, దిండు సర్దాం.

నిన్న పొద్దున పేపరు చదివి వినిపిస్తున్నాను. సంపాదకీయం మీద నాకు కొన్ని అభిప్రాయాలున్నాయి, అవీ వినిపిస్తున్నాను. మధ్యలో కంప్యూటర్ "చాలు" అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఆపడం ఇదే మొదటిసారి. నర్సమ్మ మొహం గోడకి తిప్పుకుంది. నాకు కోపం రాలేదు, వచ్చినట్టు కనపడ్డాను.

నీకు తెలుసుగా, ఆయన మాట తక్కువ. నువ్వు ఫోన్ చేస్తే ఎత్తి, "ఏమోయ్, తూనీగ" అని రెండంటే రెండు మాటలతో నా చేతికిచ్చేసేవారు. ఆ మనిషి ఇప్పుడు ఒక్కో మాటకీ చెమటోడ్చాల్సి రావడం, అదేం న్యాయమో నాకు అర్థం కాదు.

అక్షరాల ట్యాబ్ తీసెయ్. "క" దగ్గరికి వెళ్ళి, దానికి గుడి వెతుక్కునేసరికి నిద్రపోయారు.

ఒక్క విసుగుంది. "నీళ్ళు" అంటారు. తెచ్చి చెంచాతో పట్టబోతే మూతి బిగిస్తారు. సరే అని ఇటు తిరిగి పొయ్యి దగ్గరికి వస్తానో లేదో, మళ్ళీ "నీళ్ళు". మళ్ళీ తీసుకెళ్తే మళ్ళీ తాగరు. "దాహమా, నాతో దాగుడుమూతలా?" అని గట్టిగానే అన్నాను. ఆ తర్వాత రోజంతా నీళ్ళడగలేదు. అలిగారేమో.

మనుషుల వరస రాసుకో. ఆయన తమ్ముడు. డాక్టరు. నర్సమ్మ. చదరంగం ఆడడానికి వచ్చే ఎదురింటి డ్రైవరు. నువ్వు. పిల్లి. పిల్లి మనిషి కాదని నాతో వాదించకు, ఈ ఇంట్లో అందరికంటే దానికే మర్యాద ఎక్కువ.

మీ అమ్మని రాయలేదు. ఎందుకని అడగకు.

మీ అమ్మమ్మ


ఆఫీసు మేడ మెట్లు,
శనివారం.

అమ్మమ్మా,

అందరినీ చేర్చాను. పిల్లికి ఫోటో కూడా పెట్టాను.

అడగను. అమ్మ పోయిన దగ్గర్నుంచి నేనెప్పుడైనా అడిగానా? తను చదువుకున్న గది తలుపు మీరిద్దరూ దగ్గరగా వేసి ఉంచేవాళ్ళు. గడియ పెట్టేవాళ్ళు కాదు, తెరిచేవాళ్ళూ కాదు. సెలవులకి వచ్చినప్పుడల్లా ఆ తలుపుని చూసి నేను కూడా అలాగే ఉండడం నేర్చుకున్నాను.

తాతయ్య తిండి ఎలా ఉంది? చేతులు ఎలా ఉన్నాయి? జోకులు కాకుండా రాయి.

తూనీగ


వంటింటి బల్ల,
బుధవారం.

తూనీగా,

జోకులు లేకుండానే రాస్తున్నాను. నీ మెషీనుకి ఏదో అయింది, లేదా ఆయనకి ఏదో అయింది.

నాలుగు రోజులుగా ఆయన మనుషుల ట్యాబ్ వదలడం లేదు. తమ్ముడు, డాక్టరు, నర్సు, డ్రైవరు, తూనీగ, పిల్లి. మళ్ళీ తమ్ముడు. మళ్ళీ డాక్టరు. పసుపు గీత గానుగెద్దులా తిరుగుతోంది. ఎవరి మీదా ఆగదు. ఎవరినీ పిలవరు. పొద్దున కూర్చోబెడితే భోజనం వేళదాకా అదే. నర్సమ్మేమో వేలు వణికి దానంతటదే కీ నొక్కుకుంటోందని అంటోంది. ఎదురింటి డ్రైవరు వచ్చి చూసి, "గేరు ఇరుక్కున్నట్టుందమ్మా" అన్నాడు. ఇద్దరూ ఆయన ముందే అన్నారు. ఆయన కళ్ళు మూసుకున్నారు.

వణుకు కాదు. వణికే వేలు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆయన ఒక్కో మాట దగ్గర చెవిలో అది పలికేదాకా ఉండి, అప్పుడు జరుగుతున్నారు. షాపులో కూడా అంతే. అద్దాలు మార్చి మార్చి పెడుతూ "ఇది బావుందా, అది బావుందా" అని అడిగేవారు. ఎవరైనా తొందరపడి "ఇదే బావుంది" అంటే నమ్మేవారు కాదు. వాళ్ళ మొహం ఒక అద్దం దగ్గర కుదుటపడి ఆగేదాకా మారుస్తూనే ఉండేవారు. ఆగిందా, ఇక నోటితో అడిగే పనే లేదు, అదే రాసేసేవారు.

బాగుచెయ్యి. ఏది చెడిందో నాకు తెలియదు.

మీ అమ్మమ్మ


నా గది,
ఆదివారం.

అమ్మమ్మా,

రెండు మార్పులు చేశాను. వేలు వణికితే వచ్చే నొక్కుళ్ళని ఇకమీదట అది లెక్కలోకి తీసుకోదు. ఇంకొకటి, వరస చివరికి వచ్చాక చప్పుడు లేకుండా మళ్ళీ మొదటికి వెళ్ళిపోవడం మంచిది కాదు, తను తిరుగుతున్నాడని తాతయ్యకే తెలియకపోవచ్చు. అందుకని పిల్లి తర్వాత చిన్న గంట మోగుతుంది, "ఇంతటితో అయిపోయింది" అన్నట్టు. అది నీకూ వినపడుతుంది. అప్పుడు మళ్ళీ నొక్కితేనే మొదటికి వెళ్తుంది.

పనిచేస్తుందనుకుంటున్నాను. చెయ్యకపోతే వెంటనే రాయి.

తూనీగ


వంటింటి బల్ల,
గురువారం.

తూనీగా,

గంట మోగుతోంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మోగుతోంది. నేను బళ్ళో ఉన్నన్నాళ్ళూ గంట కోసం ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు ఆ చప్పుడు వినగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతున్నాను.

అయినా ఆ గంట వల్ల ఒకటి తెలిసింది. గంట మోగినప్పుడల్లా ఆయన కాసేపు కళ్ళు మూసుకుంటారు. తర్వాత తెరిచి మళ్ళీ మొదటి నుంచి వెళ్తారు. పోగొట్టుకున్న తాళంచెవి కోసం వెతికిన జేబునే మళ్ళీ వెతుక్కునే మనిషిలా. ఆయన దేనికోసమో వెతుకుతున్నారే. అది అక్కడ లేదు.

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని అడిగాను. "మీ తమ్ముడు రావాలా?" "కాదు." "డ్రైవరుతో ఆటా?" "కాదు." "పిల్లా?" "కాదు." "తూనీగ మీద బెంగా?" అక్కడ "అవును" అన్నారు, కానీ వెంటనే మళ్ళీ "కాదు" అన్నారు. బెంగ ఉందిట, వెతికేది అది కాదుట. షాపులో పనిచేసిన కుర్రాళ్ళ దగ్గర్నుంచి పాల అతని దాకా అందరినీ అడిగాను. "కాదు, కాదు, కాదు, చాలు."

ఇక మిగిలింది ఎవరో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అడగడానికి నాకు నోరు రాలేదు. నోరు లేనిది ఆయనకే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

మీ అమ్మని చేర్చు. పేరు పెట్టకు. ఇంట్లో పిలిచినట్టు "అమ్మాయి" అని పెట్టు.

మీ అమ్మమ్మ


నా గది,
సోమవారం.

అమ్మమ్మా,

పెట్టాను. మూడే అక్షరాలున్న ఆ మాట టైపు చెయ్యడానికి ఎంతసేపు పట్టిందో అడగకు. నా పక్కన, పిల్లి కంటే ముందు పెట్టాను.

తూనీగ


వంటింటి బల్ల,
శుక్రవారం.

తూనీగా,

ఎప్పటిలాగే మొదలుపెట్టారు. తమ్ముడు, డాక్టరు, నర్సు, డ్రైవరు, తూనీగ. ఆ తర్వాత మాట చెవిలో పడగానే ఎడమచెయ్యి ఆగిపోయింది. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. కుడి బొటనవేలు లేవడానికి చాలాసేపు పట్టింది. "అమ్మాయి" అంది మెషీను, ఆ లిఫ్టు గొంతుతోనే. ఇన్నేళ్ళ తర్వాత ఈ ఇంట్లో ఆ మాట పైకి పలికింది ఒక మెషీను.

నేను వెళ్ళి ఆయన మొహం తుడిచాను. తర్వాత నాది తుడుచుకున్నాను, అదే తువ్వాలుతో. ఆ గది తలుపు తెరిచాను. దుమ్ము పట్టి ఉంది. దులిపాను. తుమ్ములొచ్చాయి. ఆయన్ని కుర్చీతో సహా గుమ్మం దాకా తోసుకెళ్ళాను, చూశారు. చాలాసేపు చూశారు. నీకు ఇది చెప్పాలి, అందుకే చెబుతున్నాను. మంచి పనే చేశావు.

ఇక వెతుకులాట అయిపోయిందనుకున్నాను. తెల్లవారగానే మళ్ళీ మొదలైంది. ఇప్పుడు అమ్మాయి దగ్గర కాస్త ఆగుతారు, పిల్లిని దాటుతారు, గంట మోగుతుంది, కళ్ళు మూసుకుంటారు. నాకు ఓపిక అయిపోయింది. నిన్న గంట మోగితే వంటింట్లోకి వచ్చి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. వెనకనుంచి "నీళ్ళు" అన్నారు. తెచ్చాను. తాగలేదు. నా మొహంకేసి చూస్తూ కూర్చున్నారు. ఏం కావాలండీ మీకు అని ఏడ్చినంత పని చేశాను.

కుడిచెయ్యి ఈ మధ్య కాస్త బద్ధకిస్తోంది. అంతకంటే ఏం లేదు. నువ్వు మీటింగు వదిలేసి రానక్కర్లేదు.

మీ అమ్మమ్మ


నా గది,
మంగళవారం.

అమ్మమ్మా,

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏదైనా తయారు చేశాక, అది వాడేవాళ్ళలాగే కూర్చుని వాడి చూడాలి. తాతయ్య తెర విషయంలో నేనది సరిగ్గా చెయ్యలేదు. గబగబా నాలుగుసార్లు నొక్కి, పనిచేస్తోంది కదా అని పంపేశాను.

ఇవాళ ఆఫీసు మానేశాను. చేతులు కుర్చీకి కట్టుకుని రెండు వేళ్ళు మాత్రం కదిలేలా ఉంచుకున్నాను. నోరు తెరవకూడదని నియమం పెట్టుకున్నాను. మీ ముందుగదిలో ఉన్నాననుకున్నాను. కిటికీ అడిగాను. దిండు అడిగాను. తర్వాత నువ్వు పక్కనుంచి లేచి వంటింట్లోకి వెళ్ళావనుకున్నాను. నాకేం అక్కర్లేదు, ఊరికే నిన్ను పిలవాలనిపించింది. మనుషుల ట్యాబ్‌కి వెళ్ళాను. తమ్ముడు ఉన్నాడు. డాక్టరు ఉన్నాడు. చచ్చిపోయిన మా అమ్మ కూడా ఉంది. పిల్లి ఉంది, ఫోటోతో సహా.

నువ్వు లేవు, అమ్మమ్మా.

వరస రాసింది నువ్వు. నిన్ను నువ్వు రాసుకోలేదు. చేర్చింది నేను, నాకూ తట్టలేదు. నువ్వెప్పుడూ ఆ గదిలోనే ఉంటావు కదా, నిన్ను పిలవాల్సిన అవసరం ఎవరికొస్తుంది అనుకున్నామేమో ఇద్దరం. అందరి గురించీ అడిగానని రాశావు, నీ గురించి ఎందుకు అడగలేదు?

ఆయనకి కావలసింది నీళ్ళు కాదు. నువ్వు వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా "నీళ్ళు" అంటే వస్తావు. ఆ మాటకి నువ్వు వస్తావని కనిపెట్టాడు. నువ్వు కేకలేశాక అదీ మానేసి, నిన్ను పిలిచే మాట కోసం వెతుక్కుంటున్నాడు.

ఏం పెట్టాలో ఆలోచించక్కర్లేకపోయింది. నీ పేరు ఆయన నోట ఎప్పుడూ వినలేదు. ఆయన నిన్నెప్పుడూ పిలిచినట్టే "ఏమోయ్" అని పెట్టాను. మనుషుల ట్యాబ్‌లో కాదు. అన్నిటికంటే ముందు, తెర తెరవగానే మొదట పసుపు గీత పడే చోట. ఈ ఉత్తరం కంటే ముందే అది మీ ఇంటికి చేరుతుంది.

మీటింగు ఏమైనా కానీ. శనివారం వస్తున్నాను. తాతయ్య నిన్ను పిలవడం నేను వినాలి.

తూనీగ


నా గది,
ఆదివారం.

అమ్మమ్మా,

అక్కడున్న ఆ పదిరోజులూ అడగాలనుకున్నాను. ఇంటినిండా జనం, జనం వెళ్ళాక నువ్వు. నీ మొహం చూస్తే నోరు రాలేదు. రైలెక్కాక రాయడం తేలికనుకున్నాను, అదీ కాదు.

నేను శనివారం వచ్చేసరికి ఆయన లేడు. కుడి బొటనవేలు అప్పటికే వారం రోజులుగా కదలడం లేదని నర్సమ్మ చెప్పింది. బద్ధకిస్తోందని రాశావు నువ్వు. వేలు పోయిందని రాసి ఉంటే ఎంటర్ అక్కర్లేకుండా చేసేదాన్ని అమ్మమ్మా. ఒక మాట మీద కాసేపు ఆగితే చాలు, ఎంచుకున్నట్టే లెక్క, అది పైకి పలికేస్తుంది. అలాంటి పద్ధతి ఉంది. ఒక్క సాయంత్రం పని. జరగగలిగి, ఎంచుకోలేని మనిషికి నేను "ఏమోయ్" అని రాసి పెట్టాను. ఆయన చెవిలో అది వినిపించి ఉంటుంది. నీకు వినపడి ఉండదు. దాటుతున్నప్పుడు పైకి పలక్కుండా చేసింది నేనే.

నువ్వు విన్నావా? ఏదో ఒకలా? లేదంటే లేదనే రాయి. ఊరికే ఓదార్చకు, నీకు అది చేతకాదు.

మీటింగు అయిపోయింది. గీత ఉంచారు కానీ వెంట్రుకంత చెయ్యమన్నారు. నాకు పోట్లాడే ఓపిక లేకపోయింది.

ఆ కంప్యూటర్ ఆపేసి అట్టపెట్టెలో పెట్టెయ్. దాన్ని చూస్తూ కూర్చోకు.

తూనీగ


ముందుగది,
గురువారం.

తూనీగా,

ఓదార్చడం నాకు చేతకాదన్నావు, నిజమే. జరిగింది రాస్తాను.

బద్ధకం అని రాసింది నేనే. "పోయింది" అని రాయడానికి కలం పట్టుకుని కూర్చున్నాను, చెయ్యి రాలేదు. ఆ వారం ఇంట్లో ఒక్క మాట పైకి పలకలేదు. గీత తిరిగేది, గంట మోగేది, అంతే. నేను ఆయన కళ్ళు చూసి కిటికీయో దిండో పోల్చుకునేదాన్ని. సగం తప్పులే.

నీ ఉత్తరం రాకముందే, బుధవారం పొద్దున. నర్సమ్మ కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళింది. నేను వంటింట్లో ఉన్నాను. గంట ఇంకా మోగలేదేమిటా అనిపించింది. మోగితే విసుగు, మోగకపోతే భయం, ఇదీ నా బతుకు అప్పటికి. గుమ్మంలోకి వచ్చి చూశాను. పసుపు గీత ఎప్పుడూ లేని చోట ఉంది. ఎడంపక్కన, అన్నిటికంటే ముందు. కళ్ళద్దాలు నుదుటి మీద ఉన్నాయి, కిందకి లాక్కుని చదివాను.

ఆయన తెరకేసి చూడడం లేదు. గుమ్మంకేసి చూస్తున్నారు.

ఏ చప్పుడూ రాలేదే. ఆ లిఫ్టు అమ్మాయి పలకలేదు. నేను "ఆఁ, వస్తున్నా" అన్నాను. అనాలని అనలేదు. ఆ పిలుపు చెవిన పడితే ఇన్నేళ్ళూ నోట్లోంచి వచ్చిన మాట అదే, అదే వచ్చింది. చేతికి సబ్బు ఉంది, అలాగే వెళ్ళి పక్కన కూర్చున్నాను. "ఏమండీ, ఏం కావాలి?" అన్నాను. గీత కదలలేదు. "నీళ్ళా?" అని అడగబోయి మానేశాను. అంత మాత్రం బుర్ర నాకూ ఉంది.

ఏమీ అక్కర్లేదాయనకి. పిలవాలనుకున్నారు, పిలిచారు, వచ్చాను. ఆ రోజు ఇంకెక్కడికీ జరగలేదు ఆయన. ఎడమచేతి వేలు బాగానే ఉంది, కావాలంటే జరగగలరు. మర్నాడూ అంతే. కూర్చోబెట్టగానే గీత అక్కడ పడేది, అక్కడే ఉండేది. నేను లేచి వెళ్ళినప్పుడల్లా గుమ్మంలోంచి తొంగిచూసి "ఆఁ" అనేదాన్ని. గంట మళ్ళీ మోగలేదు. శుక్రవారం తెల్లవారి ఆయన లేవలేదు.

ఆగితే ఎంచుకున్నట్టు లెక్క అనే పద్ధతి ఉందని ఇప్పుడు రాశావు. నీ మెషీనుకి అది తెలియదు. ఆయనకి తెలుసు. షాపులో ఎన్ని మొహాలు చూసి నేర్చుకున్నారో. ఆయన పక్కన ఇంతకాలం ఉన్నదాన్ని, నాకూ తెలుసు. కాబట్టి నువ్వు ఆ సాయంత్రం పని గురించి ఏడవకు. నీ మీద కోపం ఉంటే నేను దాచుకునే మనిషినా?

నాకు నా మీద ఉంది. ప్రపంచంలో ఉన్నవాళ్ళందరినీ అడిగి, "నేనా?" అని మాత్రం అడగలేదు. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను.

మీ మేనేజర్‌తో ఒక మాట చెప్పు. ఆ గీత వెంట్రుకంత ఉండి ఉంటే నేను వంటింట్లో గిన్నెలు తోముకుంటూ ఉండేదాన్ని, ఆయన నన్ను పిలుస్తూనే పోయి ఉండేవారు. అది అందంగా లేదని నేనూ ఒప్పుకుంటాను. మళ్ళీ పోట్లాడు. ఓపిక లేదంటే అక్కడికొచ్చి నేను పోట్లాడతాను, ఇప్పుడు నాకు ఖాళీయే.

కంప్యూటర్ ఆపమన్నావు. ఆపలేదు. కరెంటు దండగ అని నర్సమ్మ కూడా అంది, సామాన్లు తీసుకెళ్ళడానికి వచ్చి. ఎంటర్ ఒక్కసారి నొక్కితే ఆ మాట పైకి వినొచ్చని నాకు తెలుసు. నొక్కను. ఆయన పిలవాల్సింది నేను పిలుచుకుంటానా?

అమ్మాయి గది తలుపు తెరిచే ఉంది. పిల్లి అక్కడ పడుకుంటోంది. ముందుగదిలో పసుపు గీత ఆయన వదిలిన చోటే ఉంది, గుమ్మంలోంచి కనపడుతుంది. వస్తూ పోతూ నేను "ఆఁ, వస్తున్నా" అంటూనే ఉన్నాను. ఎవరైనా వింటే మతిపోయిందనుకుంటారు. అనుకోనీ.

మీ అమ్మమ్మ